రఫ్ అన్న మాటొక్కటే మిగిలింది

చెక్కకి పాలిష్ పెట్టేవాళ్ళలో ఆయనంత మొండిమనిషి ఇంకొకడు లేడని వీధంతా చెప్పుకునేది. మేస్త్రి అంటే చాలు, ఏ మేస్త్రి అని ఎవరూ అడిగేవారు కారు. బల్ల తయారైందనుకున్నాక కళ్ళు మూసుకుని, అరచేత్తో కాదు, వేళ్ళ వెనక వైపుతో దాన్ని ఒక్కసారి నిమిరేవాడు. నిమిరి, "ఊహూఁ, ఇంకా రఫ్‌గా ఉంది" అనేవాడు. బల్ల చేయించుకున్నవాళ్ళు వంగి వంగి చూసినా వాళ్ళకి తమ మొహాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. అయినా ఆయన మళ్ళీ ఉప్పుకాగితం అందుకునేవాడు.

కొట్టు కింద, కాపురం రెండో అంతస్తులో. మధ్యాహ్నం రెండు దాటినా పైకి రాకపోతే భార్య కుట్టుమిషను ఆపి, మెట్లు దిగి, కొట్టు గుమ్మంలో నిలబడేది. నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇక చాలండీ, చెక్క అరిగిపోతుంది. పైకి రండి" అనేది. ముప్పై ఏళ్ళు అదే మాట అంది. ముప్పై ఏళ్ళూ ఆయన "ఇదిగో, అయిపోయింది" అనే అన్నాడు. పక్కన పనిచేసే తమ్ముడు మాత్రం వదిన గొంతు వినగానే చేతులు కడుక్కునేవాడు.

ఆయనకి పక్షవాతం దెబ్బ తగిలింది ఒక పగటిపూట, పని మధ్యలో. పాలిష్‌కి పుస్తకాల బీరువా ఇచ్చిన లాయరు గారు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏం మేస్త్రీ, రఫ్‌గా ఎప్పటికి అవుతుందో చెప్పు" అన్నాడు. మేస్త్రి చెయ్యి ఆపకుండానే "రఫ్‌గా అంటే..." అన్నాడు. అక్కడితో మాట ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఇంకో నాలుగైదు సార్లు అటూ ఇటూ కదిలిందనీ, ఆ తరవాతే మనిషి ఒరిగిపోయాడనీ తమ్ముడు చెప్పాడు. "మొహం అప్పటికే ఇటు తిరిగిపోయింది వదినా. చేతికి తెలియలేదు."

ఆస్పత్రిలో మూడు వారాలున్నాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. పంతొమ్మిదో రోజున నర్సు దిండు సర్దుతుంటే ఆయన నోరు తెరిచి, స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా, "రఫ్" అన్నాడు. భార్య గ్లాసు కింద పెట్టి ఏడ్చింది. మాట వచ్చేసిందనుకుంది. కానీ "మంచినీళ్ళు కావాలా?" అంటే రఫ్. "నొప్పిగా ఉందా?" అంటే రఫ్. "నేనెవర్నో తెలిసిందా?" అన్నప్పుడు ఆయన ఆమె కళ్ళలోకి చూసి, ఎంతో ఆప్యాయంగా, రఫ్ అన్నాడు.

మాట నేర్పించే డాక్టరమ్మ సర్దిచెప్పింది. "కొంతమందికి ఇలా ఒక్క మాటే మిగిలిపోతుందండీ. దెబ్బ తగిలినప్పుడు నోట్లో ఉన్న మాట కావచ్చు. ఆయనకి అన్నీ అర్థమవుతాయి. ఆయన అనుకునేది ఒకటి, బయటికొచ్చేది అదొకటే."

ఇంటికి తీసుకొచ్చాక మొదటి నెల ఇంట్లో అందరికీ వింత శిక్ష పడినట్టయింది. ఆ మాట ఆయన ఎదట అనకూడదని ఎవరికి వాళ్ళే ఒట్టు పెట్టుకున్నారు. ఒట్టు పెట్టుకున్నాకే దాన్ని రోజుకి ఎన్నిసార్లు వాడుతున్నారో తెలిసొచ్చింది. చూడటానికి వచ్చినాయన "రఫ్‌గా పదింటికి బయల్దేరానండీ" అని నాలిక కరుచుకునేవాడు. పక్కింటావిడ "దారంతా రఫ్‌గా ఉంది, నడుం విరిగింది" అని చటుక్కున నోరు మూసుకునేది. తమ్ముడు తనకొచ్చిన కొత్త గిరాకీ గురించి చెబుతూ "మనిషి కొంచెం రఫ్ గానీ మనసు మంచిదే" అనేసి వదిన వైపు దొంగచూపు చూసేవాడు. మంచం మీద మేస్త్రి ఒక్కడే మూతి పక్కకి లాగి నవ్వేవాడు.

కూతురు చిన్న పిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. వారం వారం వస్తుండేది. ఒకసారి వస్తూ వస్తూ బడి నుంచి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువొకటి మోసుకొచ్చింది. తండ్రి పక్కన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నాన్నా, నీ మాటకి ఎన్ని అర్థాలున్నాయో తెలుసా? రెండు పేజీలున్నాయి. విను. ఒకటి, గరుకు. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు. రెండు, ఉజ్జాయింపు."

"రఫ్" అన్నాడాయన, అవునన్నట్టు.

"మోటు. అల్లకల్లోలంగా ఉన్న సముద్రం. చిత్తు ప్రతి. సానపట్టని రాయి. బొంగురు గొంతు. ఒంట్లో బాగోలేదని చెప్పడానికి కూడా ఇదేనట. ఇల్లు లేక వీధిలో పడుకునేవాణ్ణి కూడా రఫ్‌గా పడుకున్నాడంటారట. అన్యాయం చేశారని చెప్పడానికి కూడా ఇదే వాడతారు."

అన్యాయం దగ్గర ఆయన ఎడంచేత్తో పేజీ మీద గట్టిగా కొట్టి, "రఫ్!" అన్నాడు. కూతురు నవ్వబోయి నవ్వలేకపోయింది.

వెళ్ళేటప్పుడు తల్లి చేతిలో తెల్ల కాగితాల పుస్తకమొకటి పెట్టింది. "నిఘంటువులో ఉన్నవి కాదమ్మా, నాన్నవి రాయి. ఎలా అన్నారు, ఏం కావాలన్నారు, అది. ఎప్పుడైనా నేను వచ్చి చూసుకుంటే నాకూ తెలుస్తుంది."

ఆమె రాసింది. కుట్టుకొలతలు రాసుకునే అలవాటున్న మనిషి కాబట్టి పొందికగా రాసింది. పొట్టిగా, తెగ్గొట్టినట్టు అంటే వద్దు. చివర సాగదీస్తే దాహం. రెండుసార్లు వెంటవెంటనే అంటే తమ్ముణ్ణి పిలవమని. మూడుసార్లు అంటే తిట్టు. ముక్కుతో అంటే కిటికీ తెరవమని. గొంతు తగ్గించి గుమ్మం వైపు చూస్తూ అంటే, వచ్చినవాళ్ళని త్వరగా పంపించెయ్యమని. మూడు నెలలయ్యేసరికి పదహారు అయ్యాయి. ఆమెకి ఆ పుస్తకం చూడాల్సిన పని కూడా లేకపోయింది. అవతల గదిలో మిషను తొక్కుతూనే ఏ రఫ్ ఏదో చెప్పగలిగేది.

పదిహేడోది మాత్రం అంతు చిక్కలేదు.

అది ఎప్పుడూ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో వచ్చేది. వీధిలో సందడి సద్దుమణిగి, కింద కొట్టులో తమ్ముడు కునుకు తీసే వేళ. ఆయన ఎడంచెయ్యి చాచి మంచం పక్క గోడ మీద వేళ్ళ వెనక వైపు ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లిగా "రఫ్" అనేవాడు. అందులో అడగడం లేదు, విసుగు లేదు. కొట్టులో బల్ల నిమిరి అన్న మాటే. మొదటిరోజు ఆమె నీళ్ళిచ్చింది, దిండు మార్చింది, కిటికీ తెరిచింది. ఏదీ కాదు. ఆయన గోడనే చూపించాడు. ఆమె చెయ్యి పెట్టి చూసింది. రెండేళ్ళ కిందట వేయించిన లేతరంగు పెయింటు, నున్నగా, చల్లగా ఉంది.

"ఏమీ లేదండీ. బానే ఉంది."

"రఫ్" అన్నాడు ఆయన, ఓపిగ్గా.

మర్నాడు అదే వేళకి చెయ్యి ఇంకో చోట పెట్టాడు, మొదటి చోటికి జానెడు ఇవతల. ఆ తరవాతి రోజు ఇంకో జానెడు. ఆమె బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చి ఆయన చెయ్యి పెట్టిన చోటల్లా చిన్న సున్నా చుట్టింది. వారం తిరిగేసరికి ఏడు సున్నాలు, దారంతో కొలిచి గీసినట్టు వరసగా, గోడ మూల నుంచి మంచం తల వైపుకి వస్తున్నాయి. పుస్తకంలో పదిహేడు అని అంకె వేసి, పక్కన "తెలియదు" అని రాసింది.

తమ్ముడితో చెబితే తేలిగ్గా తీసిపారేశాడు.

"పని మీద బెంగ వదినా. చేతులు ఊరుకోవు కదా. గోడని బల్ల అనుకుంటున్నాడు."

"అలాగైతే ఊరికే నిమరొచ్చు కదయ్యా. రోజుకో జానెడు ఎందుకు జరుగుతోంది?"

"చూస్తానుండు" అని పైకి వచ్చాడు. మూడయింది. అన్నయ్య చెయ్యి పెట్టిన చోటే, అన్నయ్య నేర్పినట్టే, కళ్ళు మూసుకుని వేళ్ళ వెనక వైపు ఆనించాడు. నవ్వుతూ ఆనించాడు. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, లోపలున్న మనిషి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయినట్టు. చెయ్యి తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఏమీ లేదు వదినా."

స్నానాలగదిలోకి వెళ్ళి సబ్బు రుద్ది రుద్ది చేతులు కడుక్కుంటున్న చప్పుడు ఆమెకి వినబడింది. ఎంతకీ కుళాయి ఆగలేదు. టీ పెడతానన్నా ఉండకుండా వెళ్ళిపోయాడు. ఆ తరవాత పది రోజులు పైకి రాలేదు. ఏదైనా ఇవ్వాలంటే మెట్ల మీద పెట్టి కేకేసేవాడు.

ఆ పది రోజుల్లోనే ఆమెకి పొడి కనిపించింది. పొద్దున ఊడ్చిన గది, సాయంత్రానికి గోడ వార సన్నటి గోధుమరంగు పొడి. ముక్కుపొడిలా మెత్తగా, వేలికి అంటుకుంటోంది. పెయింటు రాలితే తెల్లగా ఉండాలి. గోడలో ఉన్నది ఇటుకా సిమెంటూ. ఇదేమో ముప్పై ఏళ్ళు ఆయన బట్టల్లోంచి తాను దులిపిన పొడిలా ఉంది. వాసన చూస్తే అప్పుడే కోసిన చెక్క వాసన.

కాగితంలో పొట్లం కట్టి కొట్టుకి తీసుకెళ్ళింది. తమ్ముడు పొట్లం విప్పి, అరచేతిలో వేసుకుని, వాసన చూసి, నాలిక్కి కూడా రాసుకుని చూశాడు.

"ఏ చెక్కది?" అని అడిగిందామె.

"తెలీదు. నా చేతిమీదుగా వెళ్ళని చెక్క లేదు వదినా. ఇది నేనెరగను." వాకిట్లోకి చూస్తూ అన్నాడు, "ఆ గోడకి అవతల ఏముంది?"

"ఏముంటుంది? గాలి. కింద గోదాము రేకులు."

"నీకు ఆ రోజు అబద్ధం చెప్పాను. గరుకుగానే ఉంది. గరుకు ఒక్కటే అయితే భయపడేవాణ్ణి కాదు. నా వేళ్ళ కింద ఎవరో రుద్దుతున్నారు. అవతల నుంచి. మూడు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మూడు పొడుగ్గా, ఒకటి పొట్టిగా."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. అలా రుద్దేది ఎవరో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తల్లో పైన వంట చేసుకుంటూ ఆ చప్పుడు వినే ఆయన కొట్టులో ఉన్నాడని తెలుసుకునేది. తమ్ముడు ఎంత ప్రయత్నించినా ఆ ఒడుపు పట్టుబడలేదు. రెండు పొడుగు, రెండు పొట్టి అయిపోయేవి.

మర్నాడు మూడింటికి ఆమె ముందే వచ్చి గోడ దగ్గర నిలబడింది. ఆయన ఎడంచెయ్యి ఒళ్ళోనే ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద, ఎక్కడ పెడితే అక్కడే. ఆమె కళ్ళు మూసుకుని ఆఖరి సున్నా మీద చెయ్యి వేసింది. ముందు ఏమీ లేదు. చెయ్యి తీయబోతుంటే చర్మం కింద ఏదో లేచి నిలబడ్డట్టయింది. పిల్లి నాలిక లాంటి గరుకు. అది కదులుతోంది. మూడు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. కళ్ళు తెరిచి చూస్తే గోడ గోడలాగే ఉంది. మంచం మీద భర్త కదలకుండా ఆమెనే చూస్తున్నాడు.

"రఫ్?" అన్నాడు. నీకూ తెలిసిందా అని.

"తెలిసింది" అంది ఆమె.

ఆ తరవాత ఆమె రోజూ చూసింది. చూడకుండా ఉండటమే ఎక్కువ భయంగా ఉండేది. కొత్త చోటు ముందు గరుకుగా ఉండేది. రెండో రోజుకి మెత్తబడేది, నాలుగో రోజుకి ఇంకా మెత్తబడేది, ముతక కాగితం తీసి సన్న కాగితం పట్టినట్టు. మేస్త్రి కూడా పాతవాటిని వరసగా తడిమి చూసుకునేవాడు. పూర్తయిందనుకున్న దాని దగ్గర ఏమీ అనకుండా ముందుకి జరిగిపోయేవాడు. గోడ మూలనున్న మొదటి సున్నా దగ్గర సుద్ద గీత దానంతటదే చెరిగిపోయింది. అక్కడ అరచెయ్యంత మేర పెయింటు మెరుస్తోంది. సాయంత్రపు ఎండలో ఎదుటి కిటికీ ఊచలు అందులో కనిపించాయి. ఊచల వెనక ఒక భుజం ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు కూడా కనిపించింది. ఆమె మళ్ళీ అటు చూడలేదు. మిషను మీద కప్పే గుడ్డ తెచ్చి అక్కడ మేకుకి తగిలించింది.

సున్నాలు మంచం తల దగ్గరికి వచ్చేశాయి. ఆ మధ్యాహ్నం ఆయన గోడని ముట్టుకోలేదు. ఎడంచేత్తో తన కుడిచెయ్యిని, మోచెయ్యి దగ్గర, నిమిరాడు. కళ్ళు మూసుకున్నాడు.

"రఫ్" అన్నాడు.

సాయంత్రం దుప్పటి దులిపితే పొడి రాలింది.

వారంలో ఆ చెయ్యి మీద వెంట్రుకలు పోయాయి. పాత మచ్చ, ఉలి తగిలిన గాటు, రంగుల మరకలు దిగిన గీతలు, అన్నీ పోయాయి. పసిపిల్లల చెయ్యిలా గులాబీరంగులో నిగనిగలాడుతోంది. డాక్టరు చూసి, మంచం మీద ఉండేవాళ్ళకి చర్మం పలచబడటం మామూలేనని పూతమందు రాశాడు. అదే రోజు ఆస్పత్రిలో ఏదో కాగితం మీద వేలిముద్ర కావాలన్నారు. ఎప్పట్నుంచో వేయిస్తున్న కుడి బొటనవేలే. గుమాస్తా ఇంకు రాసి కాగితం మీద నొక్కించాడు. నల్లటి గుండ్రటి మచ్చ పడింది. గీతలు లేవు. ఇంకు ఎక్కువైందనుకుని తుడిచి మళ్ళీ నొక్కించాడు. మూడోసారి వేలు పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఏం పని చేసేవారండీ ఈయన?"

"పాలిష్ పని" అంది ఆమె.

"ఓ, అదన్నమాట. అరిగిపోయాయి" అని గుమాస్తా కాగితం లోపల పెట్టుకున్నాడు. పోయిన నెల వేసిన ముద్రలో గీతలు నిక్షేపంలా ఉన్నాయి.

ఆమెని కలవరపెట్టింది చెయ్యి ఒక్కటే కాదు. ఆయన సంతోషంగా ఉన్నాడు. దెబ్బ తగిలాక అంత తెరిపిగా ఆమె ఎప్పుడూ చూడలేదు. పొద్దుటి నుంచి గోడ గడియారం వైపు చూస్తుండేవాడు, మూడెప్పుడవుతుందా అని. నునుపు భుజం దాకా వచ్చింది. ఆ తరవాత మెడ, మొహం. ఆ తరవాత ఏముంటుంది? పని పూర్తయిన బల్లని ఆయన కొట్టులో ఒక్కరోజు కూడా ఉంచుకునేవాడు కాడు.

"నన్నొదిలి వెళ్ళడానికి ఇంత తొందరేమిటండీ?" అని అడిగింది. ఆయన ఎడంచేత్తో ఆమె చెంప నిమిరాడు.

మర్నాడు తమ్ముణ్ణి పిలిచింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "లోపలికి రాలేను వదినా. ఇక్కడే ఉంటాను, పిలిస్తే వస్తాను" అన్నాడు. అంతమాత్రం ఉన్నాడు, అదే పదివేలనుకుంది. మూడుకి ఐదు నిమిషాలుందనగా మంచం ఎక్కి, భర్తకీ గోడకీ మధ్య దూరి, గోడకి వీపు ఆనించి కూర్చుంది.

మొదటి గీత వెన్ను మీద పడింది. బట్ట మీంచి కాదు, బట్టే లేనట్టు. మండలేదు, నొప్పి లేదు. ముతక కాగితం. మూడు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. తానూ గరుకు చెక్కేననీ, తననీ నున్నగా చేసెయ్యొచ్చనీ ఆ చేతికి తెలిసినట్టుంది. ఆమెకి కళ్ళు మూతలు పడ్డాయి. హాయిగా ఉంది, అదే ఆమెని భయపెట్టింది. పొద్దుటి నుంచీ దండకంలా వల్లెవేసుకున్న మాటలన్నీ మరిచిపోయింది. ప్రార్థనలు, బతిమాలడాలు ఒక్కటీ గుర్తు రాలేదు. నోటికొచ్చింది ముప్పై ఏళ్ళ నుంచీ అన్నదే.

"ఇక చాలండీ" అంది, గోడ వైపు తిరక్కుండా, కాస్త విసుగ్గా. "చెక్క అరిగిపోతుంది. పైకి రండి."

ఒకటి పొడుగ్గా. రెండోది పొడుగ్గా. మూడోది రాలేదు.

ఎంతసేపు అలా కూర్చుందో. గుమ్మంలోంచి తమ్ముడు "వదినా, వదినా" అని పిలుస్తున్నాడు. వీపు వెనక గోడ చల్లగా, మామూలుగా ఉంది. తల తిప్పి చూస్తే భర్త ఏడుస్తున్నాడు. ఆమెని చూడగానే పళ్ళు బిగించి, "రఫ్! రఫ్! రఫ్!" అన్నాడు. పుస్తకంలో నాలుగో అంకె. తిట్టు.

అయిదు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. దాహమైతే గ్లాసు నేలకేసి కొట్టేవాడు. మూడింటికి గోడ మీద చెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తీసేసేవాడు. ఆరో రోజున మిషను దగ్గరున్న ఆమెకి గదిలోంచి సాగదీసిన రఫ్ వినబడింది. దాహం. లేచి నీళ్ళు తీసుకెళ్ళింది. ఆయన తాగి, గ్లాసు చేతికిచ్చాడు. అంతటితో ఆ సంగతి ఇద్దరి మధ్యా తెమిలిపోయింది.

కుడిచెయ్యి మీద వెంట్రుకలు మళ్ళీ మొలిచాయి. బొటనవేలి గీతలు రాలేదు. ఆయన ఇంకా మూడేళ్ళు బతికాడు. సులువైన బతుకేం కాదు. పడ్డాడు, పుళ్ళు పడ్డాయి, ఒక చలికాలమంతా దగ్గాడు. ఒంటికి తెరిపిలేని రోజున ఆయన కళ్ళు గోడ వైపు వెళ్ళినప్పుడల్లా, ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సిందేమో అనుకునేది ఆమె. మరుసటి రోజు మనవరాలు వచ్చి మంచమెక్కి, తాతతో సమానంగా రఫ్ రఫ్ అని అరుస్తూ ఇద్దరూ ఇంటి పైకప్పు ఎగరగొడుతుంటే, అన్నది మంచిదే అయిందనుకునేది. రెండూ నిజమే అనిపించేవి ఆమెకి. పుస్తకంలో అర్థాలు ముప్పై ఒకటి దాకా వెళ్ళాయి. ముప్పై ఒకటోది మనవరాలి పేరు.

ఒక ఉదయం టీ తాగి, పడుకుని, ఆయన లేవలేదు. మొహంలో ఏ వింతా లేదు. గడ్డం మాసి గరుగ్గా ఉంది. దాన్ని ఆమె నిమిరి చూసింది, రెండుసార్లు.

ఏడాది గడిచాక కూతురి పోరు పడలేక ఇంటికి రంగులు వేయించింది. మూడు గోడలు ఒక్కరోజులో అయ్యాయి. నాలుగో గోడ దగ్గర రంగులాయన బ్రష్షు కింద పెట్టి వచ్చాడు.

"దీనికి రంగు నిలబడటం లేదమ్మా. ఇలా వేస్తే అలా జారిపోతోంది. అద్దం మీద వేసినట్టుంది. ఒకసారి ఉప్పుకాగితం పట్టి రఫ్ చేస్తే గానీ పట్టదు. చేసెయ్యనా?"

"వద్దు" అంది ఆమె. "ఆ గోడ అలా ఉండనీ."

ఇప్పుడా గదిలోనే ఆమె మిషను పెట్టుకుంది. ఆ గోడ మీద పడిన వెలుతురు గదంతా పరుచుకుంటుంది, నల్ల గుడ్డ మీద నల్ల దారం కూడా కంటికి బాగా ఆనుతుంది. మధ్యాహ్నం మూడు కావస్తుంటే మాత్రం సూది ఎక్కడ ఉంటే అక్కడే వదిలేసి లేస్తుంది. వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, టీ పెట్టుకుని నిలబడే తాగుతుంది. మూడున్నరకి వస్తుంది.

"అమ్మా, ఎప్పుడైనా మళ్ళీ చెయ్యి పెట్టి చూశావా?" అని ఈ మధ్య, తల్లి నోట ఆ సంగతంతా విన్న కూతురు అడిగింది.

"లేదు."

"ఎందుకు?"

ఆమె మిషను మీద పడిన సన్నటి గోధుమరంగు పొడిని చీర కొంగుతో తుడిచి, గుడ్డని సూది కిందికి జరిపింది.

"ఆ అంచు పట్టుకోవే, జారిపోతోంది" అంది.